నొప్పి నడుములోనా, కాల్లోనా? ఆపరేషన్ సంగతి అక్కడే తేలుతుంది

ఎమ్మారై సెంటర్లో ఇచ్చే పెద్ద కవరులో ఫిల్ములతో పాటు ఒక కాగితం ఉంటుంది. నలభై దాటినవాళ్ల రిపోర్టుల్లో తరచూ కనిపించే వాక్యం ఒకటుంది: ఎల్4-ఎల్5 (నడుములో నాలుగో, ఐదో పూసల) దగ్గర డిస్క్ (పూసల మధ్య ఉండే మెత్త) ఉబ్బి నరాల సంచిని తాకుతోంది, నరం బయటికొచ్చే దారి కొద్దిగా ఇరుకైంది. డాక్టరును కలిసేలోపే ఆ కాగితం ఇంట్లో నాలుగు చేతులు మారుతుంది. 'డీజనరేషన్' అంటే ఏమిటో ఫోన్లో వెతుకుతారు. ఒకరు 'గ్యాప్ వచ్చిందట' అంటారు, ఇంకొకరు 'జెల్లీ బయటికొచ్చేసిందట' అంటారు. చీకటి పడేసరికి ఆపరేషన్ చేయించాలా వద్దా అన్న చర్చ నడుస్తుంటుంది.

తొందరపాటు ఇక్కడే మొదలవుతుంది. ఎందుకంటే ఆ వాక్యం నొప్పి లేనివాళ్ల రిపోర్టులో కూడా వస్తుంది. అమెరికాలో 1994లో జరిగిన ఒక పరిశోధనలో నడుము నొప్పి అసలు లేని 98 మందికి ఎమ్మారై తీశారు. సగం మందికి పైగా, కచ్చితంగా చెప్పాలంటే 52 శాతం మందిలో, ఏదో ఒకచోట డిస్క్ ఉబ్బి ఉంది. 27 శాతం మందిలో అంతకంటే ఎక్కువగా ముందుకు పొడుచుకొచ్చింది. 2015లో ఇలాంటి 33 అధ్యయనాలను, మొత్తం 3,110 మంది స్కాన్లను కలిపి చూసినప్పుడు, ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్ల వయసువాళ్లలోనే 37 శాతం మందికి డిస్కుల అరుగుదల కనిపించింది. ఎనభై ఏళ్లవాళ్లలో అది 96 శాతం. తల నెరిసినట్టే డిస్కూ నెరుస్తుంది. నెరిసిన జుట్టును ఎవరూ జబ్బు అనరు గానీ, స్కాన్‌లో అదే సంగతి ఇంగ్లిష్‌లో రాసి ఉంటే భయపడతారు.

అలాగని ఎమ్మారై పనికిరాదని కాదు. ఒంట్లో బాధ ఎక్కడుందో ముందు తేల్చుకుని, ఆ చోటుకూ స్కాన్‌కూ పొంతన ఉందా అని చూడటానికి అది తిరుగులేని సాధనం. వరస తిరగబడితేనే చిక్కు.

నొప్పి ఎక్కడుంది?

ఆపరేషన్ విషయంలో మొదట తేలాల్సింది నొప్పి ఎంత ఉందన్నది కాదు, ఎక్కడ ఉందన్నది. నడుములోనే ఉండి, మహా అయితే పిరుదు దాకా పాకే నొప్పి ఒక రకం. పిరుదు దగ్గర మొదలై తొడ వెనక నుంచి మోకాలు దాటి పిక్కలోకి, పాదంలోకి జివ్వున లాగే నొప్పి ఇంకో రకం. రెండోదాన్నే సయాటికా అంటున్నాం. ఆయుర్వేదం గృధ్రసి అంటుంది. డిస్క్ జారి నరాన్ని నొక్కడం వల్ల ఈ నొప్పి వస్తుందని, ఆ ముక్క తీసేస్తే తగ్గుతుందని 1934లో బోస్టన్ సర్జన్లు మిక్స్‌టర్, బార్ రాసిన వ్యాసంతో ప్రపంచానికి బాగా తెలిసింది. డిస్క్ ఆపరేషన్ల ఒరవడి అక్కడ మొదలైంది. గమనించాల్సిందేమంటే, ఆ ఆపరేషన్ పుట్టిందే కాలి నొప్పి కోసం. నడుము నొప్పికి దాన్ని వాడటం తర్వాత వచ్చిన అలవాటు.

మంచి డాక్టరు దగ్గర ఈ తేడా తేలడానికి పది నిమిషాలు చాలు, పెద్ద పరికరాలేవీ అక్కర్లేదు. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు మడవకుండా కాలిని మెల్లగా పైకి లేపుతారు. సగం లేచేసరికి మోకాలి కిందికి కరెంటు కొట్టినట్టు లాగితే నరం మీద ఒత్తిడి ఉన్నట్టు లెక్క. తొడ వెనక కండ పట్టేసినట్టు మాత్రమే అనిపిస్తే అది లెక్కలోకి రాదు. తర్వాత మడమల మీద నాలుగడుగులు నడవమంటారు. పాదం పైకి లేవకపోతే, బొటనవేలు ఎత్తలేకపోతే ఎల్5 నరం వైపు అనుమానం. మునివేళ్ల మీద లేవలేకపోతే దాని కింది నరం, ఎస్1. చిటికెనవేలి వైపు అంచు మొద్దుబారితే అదీ ఎస్1 పనే. ఇప్పుడు రిపోర్టు తెరిచి చూస్తే, ఇందాకటి వాక్యానికి ఒక అర్థం వస్తుంది. ఎడమ కాలు లాగుతుంటే స్కాన్‌లో కుడివైపు ఉబ్బు ఉందనుకోండి, ఆ ఉబ్బును తీసేసినా ఎడమ కాలికి ఒరిగేదేమీ లేదు. ఒంటి మీద చెయ్యి వేయకుండా, మంచం ఎక్కించకుండా, లైటుకు ఎదురుగా ఫిల్ము పట్టుకుని చూసి 'ఆపరేషన్ పడుతుంది' అనేస్తే ఇంకో డాక్టరును కలవడం మంచిది.

సయాటికాకు ఆపరేషన్ కొనిచ్చేది కాలాన్ని

కాలి నొప్పి, పరీక్ష, స్కాన్ మూడూ ఒకే నరాన్ని చూపిస్తున్నాయనుకుందాం. అప్పుడైనా వెంటనే కోయాలా? ఈ ప్రశ్న మీద నలభై ఏళ్లకు పైగా పరిశోధన ఉంది, అది చెప్పే కథ మాత్రం ఆశ్చర్యంగా ఒక్కటే. నార్వేలో హెన్రిక్ వెబర్ 126 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఆపరేషన్ చేసి, రెండో జట్టుకు చేయకుండా పదేళ్లు వెంటబడి చూశారు. 1983లో ఫలితాలు ప్రచురించారు. ఏడాది దగ్గర ఆపరేషన్ జట్టు స్పష్టంగా మెరుగు. నాలుగేళ్ల దగ్గర తేడా చెప్పుకోదగ్గంత లేదు. పదేళ్లకు రెండు జట్లూ ఒకేచోట ఉన్నాయి.

2007లో నెదర్లాండ్స్ పరిశోధన ఇదే సంగతిని వారాల్లో లెక్కగట్టింది. తీవ్రమైన సయాటికాతో ఆరు నుంచి పన్నెండు వారాలుగా బాధపడుతున్న 283 మందిలో సగం మందికి త్వరగా ఆపరేషన్ చేశారు. మిగతావారిని ఆగమన్నారు, భరించలేకపోతే అప్పుడు చేస్తామన్నారు. త్వరగా చేయించుకున్నవాళ్లు సగటున నాలుగు వారాల్లో కోలుకున్నారు, ఆగినవాళ్లకు పన్నెండు వారాలు పట్టింది. ఏడాది తిరిగేసరికి రెండు వైపులా 95 శాతం మంది కోలుకున్నారు. ఆగమన్నవాళ్లలో 39 శాతం మంది మధ్యలో ఆపరేషన్ చేయించుకున్న మాట నిజమే. కానీ మిగతా అరవై ఒక్క శాతం మంది కత్తి పడకుండానే బయటపడ్డారు.

డిస్క్ ముక్క తనంతట తాను తగ్గుతుందంటే చాలామంది నమ్మరు. బయటికొచ్చిన ముక్కను శరీరం పరాయి వస్తువుగా చూసి, రక్తనాళాలు అక్కడికి పాకి, కణాలు దాన్ని మెల్లగా తినేస్తాయి. వింత ఏమిటంటే, కొద్దిగా ఉబ్బిన డిస్క్ కంటే పూర్తిగా చీలి విడిపోయిన ముక్కే ఎక్కువగా కరుగుతుంది. రిపోర్టులో భయంకరంగా కనిపించేదానికే కొన్నిసార్లు భవిష్యత్తు బాగుంటుందన్న మాట.

కాబట్టి సయాటికాలో ఆపరేషన్ కొనిచ్చేది ప్రధానంగా కాలాన్ని. ఆ కాలం విలువ అందరికీ ఒకటి కాదు. ఇంట్లో కూర్చుని పని చేసుకోగల ఉద్యోగికి రెండు నెలలు ఆగడం ఓ ఇబ్బంది, అంతే. రోజుకు పన్నెండు గంటలు స్టీరింగ్ ముందు కూర్చుంటే తప్ప బండి కిస్తీ కట్టలేని క్యాబ్ డ్రైవరుకు, నాట్ల కాలంలో ఒంగకపోతే కూలి రాని మనిషికి అవే రెండు నెలలు అప్పుగా మారతాయి. ఒకే స్కాన్, ఒకే నొప్పి ఉన్న ఇద్దరు రెండు వేర్వేరు నిర్ణయాలు తీసుకుంటే ఇద్దరూ సరైనవాళ్లే కావచ్చు. ఈ మాట చెప్పే డాక్టర్లు తక్కువ, ఎందుకంటే దీన్ని చెప్పాలంటే ఎదుటి మనిషి బతుకుతెరువు అడగాలి.

అలాగని ఆగడానికి హద్దు లేదనుకోకూడదు. కెనడాలో 128 మందిపై చేసి 2020లో ప్రచురించిన పరిశోధనలో నాలుగు నెలల నుంచి ఏడాది దాకా కాలి నొప్పి తగ్గనివారిని తీసుకున్నారు. ఆరు నెలల తర్వాత ఆపరేషన్ జట్టు నొప్పి పదికి 2.8 దగ్గర ఉంటే, రెండో జట్టు 5.2 దగ్గరే ఉండిపోయింది. మొత్తం మీద మొదటి ఆరు నుంచి పన్నెండు వారాలు ఓపిక పట్టడం లాభసాటి. నాలుగు నెలలు దాటినా మోకాలి కింద లాగుడు తగ్గకపోతే 'ఇంకొంచెం చూద్దాం' అనే మాటకు బలం తగ్గుతూ వస్తుంది.

ఆగకూడని సందర్భాలు

కొన్ని సందర్భాల్లో ఈ లెక్కలేవీ పనిచేయవు. సైకిల్ సీటు తగిలే చోట, అంటే తొడల మధ్య, మలద్వారం చుట్టూ మొద్దుబారడం, మూత్రం బిగపట్టుకుపోవడం లేదా తెలియకుండా జారిపోవడం, రెండు కాళ్లలోనూ బలం తగ్గడం కనిపిస్తే వెన్ను చివరి నరాల కట్ట మొత్తం నలిగిపోతోందని అర్థం. అది అర్ధరాత్రైనా ఆస్పత్రికి పరుగెత్తాల్సిన పరిస్థితి. గంటలు గడిచేకొద్దీ మూత్రం మీద అదుపు తిరిగివచ్చే అవకాశం తగ్గిపోతుంది. పాదం వేలాడిపోయి చెప్పు జారిపోతుంటే, ఆ బలహీనత రోజురోజుకూ పెరుగుతుంటే అదీ వాయిదా వేసే విషయం కాదు.

మన దగ్గర ఇంకోటి మరిచిపోకూడదు, వెన్నెముక టీబీ. సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్లు పడుకున్నా ఊరుకోని నొప్పి ఉంటే డిస్క్ అనుకుని నెలల తరబడి సూదులు వేయించుకోవడం ప్రమాదం. ఇక్కడ పేరు విని గాభరాపడి ఆపరేషన్ అనుకోనక్కర్లేదు. చెన్నైలో టీబీ పరిశోధకులు చేసిన అధ్యయనంలో నడుస్తూ తిరుగుతూ మందులు మాత్రమే వాడినవారి ఫలితాలు పెద్ద ఆపరేషన్ చేయించుకున్నవారికి ఏమాత్రం తీసిపోలేదు. నరాలు నలిగినప్పుడు, వెన్ను ఒరిగిపోతున్నప్పుడు మాత్రమే కత్తి అవసరం. మందులు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం.

సైకిల్ తొక్కగలిగి, నడవలేని పెద్దాయన

అరవై దాటినవాళ్లలో కథ వేరు. వాళ్లకు డిస్క్ జారడం కంటే వెన్నులో నరాలు పోయే గొట్టం ఇరుకవడం ఎక్కువ. దీనికి ఒక గుర్తు ఉంది, తెలిసినవాళ్లు వీధిలోనే పట్టేస్తారు. ఆ పెద్దాయన సైకిల్ మీద మూడు కిలోమీటర్లు వెళ్లి పాలు పోసి వస్తాడు, కానీ నడిచి వీధి చివరి దాకా వెళ్లలేడు. రెండు కరెంటు స్తంభాల దూరం నడిచేసరికి పిక్కలు బరువెక్కి, తిమ్మిరెక్కి, అరుగు మీద కూర్చుని ముందుకు ఒంగుతాడు. రెండు నిమిషాల్లో తేరుకుంటాడు. ముందుకు ఒంగితే గొట్టం కొద్దిగా తెరుచుకుంటుంది, నిటారుగా నిలబడితే మూసుకుంటుంది. సైకిల్ మీద ఒంగి ఉంటాడు కాబట్టే అప్పుడు నొప్పెట్టదు.

ఈ జబ్బు చాలామందిలో ఏళ్ల తరబడి అలాగే నిలకడగా ఉంటుంది. నడిచే దూరం మరీ కుంచించుకుపోయినప్పుడు గొట్టాన్ని వెడల్పు చేసే ఆపరేషన్ బాగానే పనిచేస్తుంది. అయితే దానికి తోడు స్క్రూలు, రాడ్లు వేయాలా అన్నది వేరే ప్రశ్న. స్వీడన్‌లో 247 మందిపై చేసి 2016లో ప్రచురించిన పరిశోధనలో స్క్రూలు వేసి బిగించినవారికీ, కేవలం వెడల్పు చేసి వదిలేసినవారికీ ఫలితాల్లో తేడా కనిపించలేదు. బిల్లులో మాత్రం తేడా బాగానే ఉంటుంది.

స్క్రూలతో నడుము నొప్పి పోతుందా?

అసలు చిక్కు ఇక్కడుంది. కాలు లాగదు, నరం నలగలేదు, ఏళ్లుగా నడుము మాత్రమే నొప్పి. అరిగిన డిస్క్ కదలడం వల్లే నొప్పి వస్తోందని, రెండు పూసలను కలిపి బిగించేస్తే కదలిక ఆగి నొప్పి పోతుందని ఒక వాదన. వినడానికి ఇది మేస్త్రి మాటలా నమ్మకంగా ఉంటుంది. స్వీడన్‌లో 2001లో వచ్చిన పరిశోధన దీన్ని సమర్థించింది కూడా. కానీ అందులో పోల్చింది మామూలుగా సాగే ఫిజియోథెరపీతో, అంటే ఆ రోగులకు అప్పటికే ఫలించని దానితో.

పోలిక గట్టిగా ఉన్నచోట తేడా కరిగిపోయింది. నార్వేలో 2003లో ఆపరేషన్‌కు పోటీగా క్రమబద్ధమైన వ్యాయామం, నొప్పి గురించి భయం పోగొట్టే శిక్షణ పెట్టారు. ఏడాదికి రెండూ సమానం. బ్రిటన్‌లో 349 మందిపై 2005లో వచ్చిన పెద్ద పరిశోధనలోనూ రెండు జట్లూ మెరుగయ్యాయి. నొప్పి వల్ల పనులకు కలిగే ఇబ్బందిని కొలిచే నూరు పాయింట్ల కొలమానంలో ఆపరేషన్ జట్టు నాలుగు పాయింట్లు ముందుంది, అంతే. నాలుగు పాయింట్లంటే మనిషికి రోజువారీ పనుల్లో తెలిసేంత తేడా కాదు. అందుకే బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శక సంస్థ నైస్ 2016లో, పరిశోధనలో భాగంగా తప్ప, కేవలం నడుము నొప్పి కోసం ఇలా బిగించే ఆపరేషన్ చేయవద్దని స్పష్టంగా రాసింది. ఒక పూస జారి నరాన్ని నొక్కుతున్నప్పుడు, ఎముక విరిగినప్పుడు, గూని పెరుగుతున్నప్పుడు స్క్రూలు అవసరమే. అరుగుదల అన్న ఒక్క మాట మీద మాత్రం కాదు. పైగా రెండు పూసలను బిగిస్తే ఆ కదలిక భారం పైనున్న డిస్క్ మీద పడుతుంది. కొన్నేళ్లకు దానికి మళ్లీ ఆపరేషన్ అన్నవాళ్లు ఊరికొకరు కనిపిస్తారు.

ఆపరేషన్ కాకపోతే మరేమిటి?

'ఆపరేషన్ లేకుండా' అన్నది ఒక వైద్యం పేరు కాదు. దాని కింద మంచిదీ చెత్తదీ కలిసిపోయి ఉంటాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర వారానికో సూది, నెలల తరబడి బెల్టు, ట్రాక్షన్ బరువులు, ఫిజియోథెరపీ పేరుతో పది రోజులు కరెంటు పెట్టించుకోవడం... ఇవన్నీ చేసి తగ్గలేదు కాబట్టి ఇక ఆపరేషనే గతి అనుకునేవాళ్లు ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుము నొప్పికి ఇచ్చిన మార్గదర్శకాల్లో బెల్టులు, ట్రాక్షన్, అల్ట్రాసౌండ్ వైద్యం, చర్మం మీద కరెంటు పెట్టడం, నల్లమందు జాతి మాత్రలు వద్దన్న జాబితాలోనే ఉన్నాయి. సయాటికాకు విరివిగా రాసే ప్రెగాబాలిన్‌ను ఆస్ట్రేలియాలో 209 మందిపై పరీక్షించి 2017లో ఫలితాలిచ్చారు. ఉత్తుత్తి మాత్ర కంటే అది మెరుగ్గా పనిచేయలేదు, మగత, తలతిప్పుడు మాత్రం ఎక్కువ. ఆపరేషన్ థియేటర్లో ఎక్స్‌రే చూస్తూ నరం పక్కన ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేరు. అది కాలి నొప్పికి కొన్ని వారాల ఊరట ఇస్తుంది. ఆ వ్యవధిలో నరం తనంతట తాను కుదుటపడితే అదే లాభం.

మంచం మీద పడుకోవడం కూడా వైద్యం కాదు. హెల్సింకి నగర ఉద్యోగులు 186 మందిపై 1995లో వచ్చిన పరిశోధనలో రెండు రోజులు పడుకున్నవారి కంటే, వ్యాయామాలు చేసినవారి కంటే, నొప్పి ఓర్చుకోగలిగినంత వరకూ రోజువారీ పనులు చేసుకున్నవారే త్వరగా కోలుకున్నారు. అది కొత్తగా పట్టేసిన నడుము సంగతి. ఏళ్లనాటి నొప్పికి వ్యాయామమే పునాది. ఏ వ్యాయామం గొప్పదన్న వాదనలో పెద్ద సారం లేదు, వదలకుండా మూడు నెలలు చేసేదే గొప్పది. నడక చాలదా అంటే, ఆస్ట్రేలియాలో 701 మందిపై 2024లో వచ్చిన ఫలితాలు చూడాలి. ఒకసారి తగ్గిన నడుము నొప్పి మళ్లీ రావడానికి మామూలుగా 112 రోజులు పడితే, వారానికి ఐదు సార్లు అరగంట నడకను లక్ష్యంగా పెట్టుకుని మెల్లగా పెంచుకుంటూ పోయినవారికి 208 రోజులు పట్టింది.

ఇంత తేలికైనది మన దగ్గర ఎందుకు సాగదు? డబ్బు దారి ఒక కారణం. ఆరోగ్యశ్రీ లాంటి పథకాలైనా, కంపెనీ ఇన్సూరెన్సులైనా ప్రధానంగా ఆస్పత్రిలో చేరిన వైద్యానికే డబ్బిస్తాయి. రెండు లక్షల ఆపరేషన్‌కు చేతి నుంచి రూపాయి పడకపోవచ్చు. మూడు నెలల ఫిజియోథెరపీకి ప్రతి సిట్టింగూ జేబులోంచే, రానూపోనూ ఆటో ఖర్చుతో సహా. అప్పుడు ఆపరేషనే చవక వైద్యంలా కనిపిస్తుంది. ఇది రోగి తప్పూ కాదు, ఒక్క సర్జన్ తప్పూ కాదు.

ఆపరేషన్ ఒప్పుకునే ముందు అడగాల్సిన మాటలు పెద్దవేమీ కావు. ఇది కాలి నొప్పి కోసమా, నడుము నొప్పి కోసమా? ఏ నరం, ఎటువైపు? ముక్క తీసి ఊరుకుంటారా, స్క్రూలు వేస్తారా, వేస్తే ఎందుకు? మూడు నెలలు ఆగితే నష్టమేమిటి? నీళ్ల బిందె ఎప్పుడు ఎత్తొచ్చు, కింద ఎప్పుడు కూర్చోవచ్చు, బండి ఎప్పుడు నడపొచ్చు? డిస్క్ ముక్క తీసేసినా అదే చోట మళ్లీ జారే అవకాశం నూటికి ఐదు నుంచి పదిహేను మందిలో ఉంటుంది, ఆ మాటా అడగాలి. సిగరెట్ మానకపోతే, షుగర్ అదుపులో లేకపోతే బిగించిన ఎముక అతుక్కోవడం, కుట్టు మానడం రెండూ కష్టమవుతాయి.

రెండో డాక్టరు దగ్గరికి వెళ్తే ఫిల్ములు, సీడీ తీసుకెళ్లాలి గానీ మొదటి డాక్టరు ఆపరేషన్ అన్న సంగతి ముందే చెప్పకపోవడం మేలు. ఆయన మంచం ఎక్కించి, కాలు ఎత్తి చూసి, తన మాట తాను చెప్పాక, మొదటి చీటీ బయటికి తీయొచ్చు.